ఆడీ టీటీకి కొత్త టైర్లు, తేలిక రిమ్ములు: బెజవాడ, గుంటూరు రోడ్లకి ఏ సైజు, ఏ రకం?

బ్రాడీపేట_టీటీ
2016 ఆడీ టీటీ స్పోర్ట్స్ కారు, 2 లీటర్ల టర్బో, క్వాట్రో (నాలుగు చక్రాలకీ పవరు వెళ్ళే రకం), 230 హార్స్‌పవర్. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజిన్, గేర్‌బాక్స్ బంగారంలా ఉన్నాయి, సర్వీసు కాగితాలు అన్నీ ఉన్నాయి. బాధంతా టైర్లతోనే. ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ. ట్రెడ్, అంటే రోడ్డుని తాకే గాడుల భాగం, బాగానే కనిపిస్తుంది గాని గోరు గుచ్చితే దిగడం లేదు. మొన్న సాయంత్రం విజయవాడ నుంచి వస్తుంటే కాజ టోల్‌గేటు దాటాక వాన అందుకుంది. ముందు లారీ బ్రేకు కొట్టింది, నేనూ కొట్టాను. పెడల్ కింద ఏబీఎస్ గరగరమంటూనే ఉంది, బండి మాత్రం ఆగాల్సిన చోట ఆగలేదు. పక్కన షోల్డర్ ఖాళీగా ఉండబట్టి అటు తిప్పేసి బయటపడ్డాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సైజు 245/40 ఆర్18, అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (పక్క గోడ) ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. రోజూ బ్రాడీపేట నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆఫీసు, ఆదివారం తెల్లారుజామున ఒంగోలు వైపు ఒక రౌండు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద ఒక్కసారైనా తిప్పాలని కోరిక. ఎలాగూ టైర్లు మార్చాలి కాబట్టి తేలికైన రిమ్ములు కూడా వేయిద్దామనుకుంటున్నాను. షాపువాళ్ళు 19 అంగుళాల రిమ్ములు, 245/35 టైర్లు సెట్టుగా ఇస్తామంటున్నారు. చూడ్డానికి అదిరిపోయాయి. బడ్జెట్ రెండున్నర లక్షలు, లాగితే మూడు. ఏం చెయ్యమంటారు?

పటమట_పోలో
19 వద్దు. మిగతాది పెద్దలు చెబుతారు.

ఎన్‌హెచ్16_రాత్రిబండి
ముందు ఆ టైర్లు ఎప్పుడు పుట్టాయో చెప్పు బ్రో. సైడ్‌వాల్ మీద డాట్ అనే ముద్ర దగ్గర చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ అంకెలు టైరుకి ఒక వైపే వేస్తారు. బయట కనిపించకపోతే లోపలి వైపు చూడాలి.

బ్రాడీపేట_టీటీ
ముందువి 3119, వెనకవి 0818. వెనకవాటికి కారు కింద దూరి ఫోన్ లైటు వేసి చూశాను.

ఆటోనగర్_బాబాయ్
ముందువి 2019 జులై ఆఖరు, వెనకవి 2018 ఫిబ్రవరి. ఇక ట్రెడ్ ఎంత మిగిలిందన్న మాటే వద్దు తమ్ముడూ. రబ్బరు తిరిగినా తిరగకపోయినా గట్టిపడుతుంది, ఎండలో ఇంకా తొందరగా గట్టిపడుతుంది. మన ఊళ్ళో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, తారు రోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువ కాలుతుంది. నా దగ్గర రబ్బరు గట్టితనం కొలిచే షోర్ మీటరు ఉంది, సూది గుచ్చి అంకె చూడటమే. మంచి స్పోర్ట్ టైరు కొత్తలో 60, 65 మధ్య చూపిస్తుంది. ఇలా ఏళ్ళు గడిచినవి 75 దాటిపోతాయి. పొడి రోడ్డు మీద ఆ తేడా అంతగా తెలియదు, తడి రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడే తెలుస్తుంది. నీకు కాజ దగ్గర జరిగింది అదే.

ఇంకోటి చెబుతాను, ఇది ఇంకా ముఖ్యం. నీది క్వాట్రో. టీటీలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, వెనక చక్రాలకి పవరు పంపేది ఒక మల్టీప్లేట్ క్లచ్. ముందు, వెనక టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే తిన్నటి రోడ్డు మీద కూడా ఆ ప్లేట్లు కొంచెం కొంచెం జారుతూ వేడెక్కుతుంటాయి. కాబట్టి నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకేసారి వెయ్యాలి. రెండు ఇప్పుడు, రెండు దసరాకి అనే పద్ధతి నీ బండికి పనికిరాదు. వేసిన తర్వాత కూడా ముందువీ వెనకవీ మార్చుకుంటూ సమానంగా అరగనివ్వు.

కృష్ణలంక_కర్వ్
19 అనగానే అందరూ ఎందుకు భయపడతారో నాకు అర్థం కాదు. నా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 245కి 19 వేసి చాలా కాలమైంది. సైడ్‌వాల్ తగ్గితే స్టీరింగ్ తిప్పీ తిప్పగానే బండి మలుపులోకి దిగుతుంది. ఆ పదును 18లో రాలేదు నాకు. చుట్టుకొలత కూడా మారదు, స్పీడోమీటరు సరిగ్గానే చూపిస్తుంది.

అమరావతి_ఆపెక్స్
@కృష్ణలంక_కర్వ్ చుట్టుకొలత మాట నిజమే. 245/40 ఆర్18 ఎత్తు 653 మిల్లీమీటర్లు, 245/35 ఆర్19 ఎత్తు 654. కానీ సైడ్‌వాల్ 98 నుంచి 86కి పడిపోతుంది. గుంటలో పడ్డప్పుడు రిమ్ముని కాపాడేది ఆ 12 మిల్లీమీటర్లే.

నాది మినీ కూపర్ ఎస్, 205/45 ఆర్17. అంటే సైడ్‌వాల్ 92. పోయిన వానాకాలం రాత్రిపూట సర్వీసు రోడ్డులో నీళ్ళు నిలిచి ఉంటే మామూలు మడుగు అనుకుని పోనిచ్చాను. లోపల అంచు తెగిన గుంట ఉంది. ఎడమ పక్క రెండు రిమ్ములూ బెండు, ముందు టైరుకి కోడిగుడ్డంత బుడగ. స్పీడు నలభై కూడా లేదు. మళ్ళీ రిమ్ములు దొరికేదాకా బండి ఇంట్లోనే పడి ఉంది. 92కే అలా అయితే 86తో వానాకాలంలో రోజూ గుంటూరు, విజయవాడ తిరగడం నేనైతే ఒప్పుకోను.

పదును అన్నారు కదా, అది సైడ్‌వాల్ ఎత్తు ఒక్కదానితోనే రాదు. టైరు లోపలి కేసింగ్ ఎంత గట్టిది, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎంత పెట్టారు, గాలి ఎంత ఉంది అన్నవి కూడా కలిస్తేనే పదును. మంచి స్పోర్ట్ టైరు వేసి అలైన్‌మెంట్ సరిగ్గా చేయిస్తే 18లోనే వస్తుంది.

కృష్ణలంక_కర్వ్
అక్కా, నేను గుంట చూసి నడుపుతాను. చూసుకుని నడిపేవాడికి 19తో ఇబ్బంది లేదు.

అమరావతి_ఆపెక్స్
నీళ్ళ కింద గుంట ఎవరికీ కనిపించదు తమ్ముడూ.

బ్రాడీపేట_టీటీ
అయితే 17కి దిగితే? సైడ్‌వాల్ ఇంకా పెరుగుతుంది, రిమ్ము కూడా తేలికవుతుంది కదా?

మంగళగిరి_మెకానికల్
లెక్క ప్రకారం 245/45 ఆర్17 ఎత్తు 652, అంటే నీ ఇప్పటి టైరుతో సమానం. సైడ్‌వాల్ 110. మన రోడ్లకి అంతకంటే మంచి సైజు లేదు. అయితే రిమ్ము లోపలి వైపుకీ బ్రేకు కాలిపర్‌కీ (డిస్కుని పట్టి నొక్కే భాగం) మధ్య కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అట్టముక్కతో కాలిపర్ ఆకారం కత్తిరించి రిమ్ములో పెట్టి చూడటం తేలిక పద్ధతి. కంపెనీ అనుమతించిన సైజులు డోరు ఫ్రేమ్ మీద స్టిక్కర్లోనో మాన్యువల్లోనో ఉంటాయి. ముందు అక్కడ చూడు.

ఆటోనగర్_బాబాయ్
17 కుదిరినా నేను 18లోనే ఉండమంటాను. 245/40 ఆర్18 చాలా లగ్జరీ బళ్ళకి వచ్చే సైజు, మంచి టైర్లన్నీ ఆ సైజులో తేలిగ్గా దొరుకుతాయి. ఒకటి దారిలో పాడైతే అదే మోడలు రెండో రోజు తెప్పించుకోగలవు. నాలుగూ ఒకటే ఉండాలని పైన చెప్పాను కదా.

లక్ష్మీపురం_ఫోర్జ్‌డ్
టైర్ల గురించి అందరూ చెప్పారు, రిమ్ముల సంగతి నేను చెబుతాను. వేస్తే ఫోర్జ్‌డ్ వెయ్యి, లేకపోతే ఒరిజినల్ ఉంచుకో. అల్యూమినియం దిమ్మని టన్నుల ఒత్తిడితో నొక్కి తయారు చేస్తారు, అందుకే తక్కువ లోహంతోనే బలం వస్తుంది. గట్టి దెబ్బ తగిలితే పోత రిమ్ము పగులుతుంది, ఫోర్జ్‌డ్ వంగుతుంది. 1996లో రేస్ (Rays) అనే జపాన్ రిమ్ముల కంపెనీ తెచ్చిన టీఈ37 రిమ్ము పేరులో 37 ఎందుకుందో తెలుసా? 15 అంగుళాల, 6 అంగుళాల వెడల్పు రిమ్ము బరువు 3.7 కేజీలు. రిమ్ములో తగ్గించే ఒక్క కేజీ బాడీలో పది కేజీలు తగ్గించినట్టే.

మంగళగిరి_మెకానికల్
ఫోర్జ్‌డ్ బలం గురించి చెప్పింది అక్షరాలా నిజం. పది కేజీల మాట మాత్రం నేను ఒప్పుకోలేను అన్నా, ప్రతి షాపులో అదే చెబుతున్నారు. లెక్క చూద్దాం.

చక్రం ముందుకీ వెళ్ళాలి, గుండ్రంగానూ తిరగాలి. బరువంతా రోడ్డుని తాకే అంచులోనే ఉంటే తిప్పడానికి అయ్యే శ్రమ ఇంకో రెట్టు కలుస్తుంది. అంటే ఎక్కువలో ఎక్కువ, ఒక కేజీ రెండు కేజీలవుతుంది. ఏ చక్రమూ రెండుని దాటదు. రిమ్ము ఆ అంచు దాకా ఉండదు కదా, దాని బరువు మధ్య నుంచి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, టైరు అంచు 32 దాటి ఉంటుంది. ఆ నిష్పత్తిని వర్గం చేస్తే 0.4కి కాస్త తక్కువ వస్తుంది. అంటే రిమ్ములో ఒక కేజీ తగ్గితే బండి పరుగుకి 1.4 కేజీలు తగ్గినట్టు. అదే టైరు ట్రెడ్‌లో కేజీ తగ్గితే 1.9 దాకా.

నాలుగు రిమ్ముల్లో తలా రెండున్నర కేజీలు తగ్గాయనుకుందాం. మొత్తం 10 కేజీలు, లెక్కకి 14. డ్రైవరుతో కలిపి 1,400 కేజీల పైన ఉండే బండిలో ఇది ఒక్క శాతం. 0 నుంచి 100కి 5.3 సెకన్లలో వెళ్ళే కారుకి సెకనులో ఇరవయ్యో వంతు కలిసొస్తుంది. సీట్లో కూర్చున్నవాడికి అది తెలియదు. తేలిక టైరు ఎంచుకుంటే దానికంటే ఎక్కువ లాభం. టైరు బరువు మాత్రం ఎవరూ అడగరు.

లక్ష్మీపురం_ఫోర్జ్‌డ్
స్టాప్‌వాచ్ లెక్క నీది, చేతికి తెలిసేది నాది. ఫోర్జ్‌డ్ వేసిన రోజే వంతెనల మీది ఎక్స్‌పాన్షన్ జాయింట్ల దగ్గర దడదడ తగ్గింది. అది ఊహ కాదు.

మంగళగిరి_మెకానికల్
అది ఊహ కాదు, ఒప్పుకుంటున్నాను. అసలు లాభం ఉన్నదే అక్కడ. స్ప్రింగు కింద వేలాడే బరువు, అంటే చక్రం, బ్రేకు లాంటివి, ఒక్కో మూల సుమారు నలభై కేజీలు ఉంటుంది. దాన్లో రెండున్నర తగ్గితే 6 శాతం. గతుకు మీద చక్రం పైకి లేచి మళ్ళీ రోడ్డుని పట్టుకోవడానికి తక్కువ సమయం పడుతుంది. గతుకుల రోడ్డు మీద మలుపులో, బ్రేకులో అది పనికొస్తుంది. కాబట్టి తేలిక రిమ్ము వెయ్యాల్సింది పికప్ కోసం కాదు, పట్టు కోసం. 19 అంగుళాల బరువైన పోత రిమ్ము వేస్తే ఈ లాభమంతా తిరగబడుతుంది.

పటమట_పోలో
మా కాలేజీలో మీరు ఫిజిక్స్ చెప్పి ఉంటే నేను ఎంసెట్‌లో ర్యాంకు కొట్టేవాణ్ణి అన్నా.

బ్రాడీపేట_టీటీ
ఈ చర్చ చదివాక ఆగలేక పంచరు షాపులో ఒక చక్రం విప్పించి, టైరూ రిమ్మూ విడివిడిగా పట్టుకెళ్ళి మిర్చి యార్డులో మా మావయ్య కొట్టు దగ్గర కాటా మీద పెట్టాను. రిమ్ము ఒక్కటే 12 కేజీల పైచిలుకు, టైరు 11కి కాస్త తక్కువ. లోపల ముద్ర 9జే (వెడల్పు 9 అంగుళాలు), ఈటీ52 (రిమ్ము వెడల్పు మధ్య గీతకీ హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య 52 మిల్లీమీటర్లు) అని ఉంది.

ఎన్‌హెచ్16_రాత్రిబండి
తేజ రకమా, 341 రకమా? క్వింటాలు ఎంత పలికింది?

పటమట_పోలో
కారు ఎరుపే అయితే తాలు తీసి గ్రేడింగ్ కూడా చేసేవాళ్ళు.

బ్రాడీపేట_టీటీ
కారు ఎరుపే 😄 హమాలీలందరూ వచ్చి చూసి వెళ్ళారు.

ఆటోనగర్_బాబాయ్
12 అంటే తగ్గించడానికి చోటుంది. ఫ్లో ఫార్మ్‌డ్ రిమ్ము చూడు తమ్ముడూ. మధ్య భాగం పోత పోసి, చుట్టూ ఉండే బ్యారెల్‌ని వేడిమీద రోలర్లతో సాగదీస్తారు. అందువల్ల బ్యారెల్ పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. 18 అంగుళాల్లో తొమ్మిది, తొమ్మిదిన్నర కేజీలకి మంచివి దొరుకుతాయి. ఫోర్జ్‌డ్ ఇంకో కేజీ తగ్గొచ్చు, ధర మాత్రం నీ బడ్జెట్ మొత్తం తినేస్తుంది.

ముద్రలు చూసి కొను. జేడబ్ల్యూఎల్ అంటే జపాన్ ప్రమాణం ప్రకారం తయారీదారు తనే పరీక్షించి కొట్టుకున్న ముద్ర. వీఐఏ అంటే బయటి సంస్థ పరీక్షించి నమోదు చేసింది. నకళ్ళు అమ్మేవాళ్ళు జేడబ్ల్యూఎల్ ముద్ర ఉత్తినే పోసేస్తారు. వీఐఏ కూడా ఉందా, లోడ్ రేటింగ్ ఎన్ని కేజీలని పోశారు అని చూడు. ఏ ముద్రా లేని రిమ్ముని ఫొటోలో ఎంత బాగున్నా ముట్టుకోకు.

కృష్ణలంక_కర్వ్
బాబాయ్, బెండయితే మన ఆటోనగర్‌లో గంటలో తీసి ఇస్తున్నారు కదా. ఇంత ఆలోచన అవసరమా?

ఆటోనగర్_బాబాయ్
అవసరమే. ఆటోనగర్‌లో నేను పెరిగినవాణ్ణి, ఇక్కడి పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ అల్లాయ్ రిమ్ముని గ్యాస్ మంట పెట్టి జాకీతో నెట్టి బెండు తీస్తుంటే నా కడుపు తరుక్కుపోతుంది. ఆ రిమ్ముకి బలం వచ్చింది టీ6 అనే ట్రీట్‌మెంట్ వల్ల. 500 డిగ్రీల పైన వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ 150, 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. మంట పెట్టిన చోట ఆ బలం పోతుంది. పైకి గుండ్రంగానే ఉంటుంది, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద కూడా పాస్ అవుతుంది. ఇంకో గుంట వచ్చేదాకా తెలియదు. లోపలి అంచున చిన్న బెండు అయితే మంట లేకుండా ప్రెస్‌తో తీసేవాళ్ళున్నారు, అది చేయించుకోవచ్చు. పగులుకి వెల్డింగ్ మాత్రం వంద మీద వెళ్ళే బండికి వద్దే వద్దు. ఇది ఇంట్లో పిల్లలకి చెప్పినట్టు చెబుతున్నాను.

బ్రాడీపేట_టీటీ
ధన్యవాదాలు బాబాయ్. నాకు దొరుకుతున్న ఫ్లో ఫార్మ్‌డ్ 8.5జే, ఈటీ45. నాది 9జే ఈటీ52 కదా, సరిపోతుందా? బయటికి పొడుచుకొస్తుందేమో.

మంగళగిరి_మెకానికల్
లెక్క తేలికే. రిమ్ము వెడల్పులో సగం నుంచి ఈటీ తీసేస్తే హబ్ నుంచి బయటి అంచు ఎంత దూరమో వస్తుంది. నీది: 9 అంగుళాలంటే 228.6, సగం 114.3, అందులోంచి 52 పోతే 62.3 మిల్లీమీటర్లు. కొత్తది: 215.9లో సగం 107.95, అందులోంచి 45 పోతే సుమారు 63. బయటి అంచు మిల్లీమీటరు కూడా కదలదు. లోపలి వైపు 13 మిల్లీమీటర్లు ఖాళీ పెరుగుతుంది. 245 వెడల్పు టైరుకి 8 నుంచి 9.5 దాకా రిమ్ము సరిపోతుంది కాబట్టి 8.5 హాయిగా కూర్చుంటుంది.

పీసీడీ 5×112 (112 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు), మధ్య రంధ్రం 57.1 అయి ఉండాలి. బయటి రిమ్ములకి రంధ్రం పెద్దగా ఉంటుంది, ఆ ఖాళీని పూడ్చే హబ్ రింగులు అడుగు. ప్లాస్టిక్‌వి వద్దు, ట్రాక్‌కి వెళ్తానంటున్నావు, బ్రేకు వేడికి మెత్తబడతాయి. అల్యూమినియంవి తీసుకో.

ఎన్‌హెచ్16_రాత్రిబండి
టైరు ఏది మరి? నేను మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వాడాను, ఇంకో సెట్టు కూడా అదే వేస్తాను. వానలో నమ్మకం ఇచ్చే టైరు.

కృష్ణలంక_కర్వ్
బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ003 చూడు. పొడి రోడ్డు మీద అతుక్కుని పోతుంది. ట్రెడ్‌వేర్ అంకె 220, పైలట్ స్పోర్ట్ 4ది 320. అంకె తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ.

అమరావతి_ఆపెక్స్
ట్రెడ్‌వేర్ అంకెని అంత గట్టిగా పట్టుకోకూడదు. అది పట్టు కొలత కాదు, అరుగుదల కొలత. పైగా ఆ అంకె కంపెనీ తనే ప్రకటించుకుంటుంది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య ఊరికే ఒక అంచనా.

@బ్రాడీపేట_టీటీ నీకు భయం వేసింది తడి రోడ్డు మీద. కాబట్టి తడిలో ఆగే టైరే మొదటి ఎంపిక. పైలట్ స్పోర్ట్ 4, దాని తర్వాత 2022లో వచ్చిన పైలట్ స్పోర్ట్ 5, కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1. వీటిలో తాజా తయారీ ఏది దొరికితే అది. 200 ట్రెడ్‌వేర్ ట్రాక్ టైర్లు వద్దు, వాటి ట్రెడ్ గాడుల లోతు తక్కువ, నిలవ నీళ్ళల్లో తేలిపోతాయి. ఏ టైరైనా కొత్తలో 8 మిల్లీమీటర్ల వరకు లోతు ఉంటుంది, చట్టం ఒప్పుకునేది 1.6 దాకా. నేను మాత్రం 3కి రాగానే మార్చేస్తాను. వానాకాలం ముందైతే ఇంకా ముందే.

పటమట_పోలో
మన అపోలో ఆస్పైర్ 4జీ సంగతి ఎవరూ ఎత్తలేదే. మన రాష్ట్రంలో చినపండూరులో 2020లో ప్లాంటు కూడా పెట్టారు. నా ఫ్రెండు జెట్టాకి వేశాడు, సంతోషంగా ఉన్నాడు.

ఆటోనగర్_బాబాయ్
ధరకి చాలా మంచి టైరు, రోజువారీ వాడకానికి నేనూ వేయిస్తుంటాను. ఈ తమ్ముడికి బడ్జెట్ ఉంది, ట్రాక్ కోరిక ఉంది, అందుకే మిషెలిన్, కాంటినెంటల్ వైపు వెళ్ళమంటున్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరల పట్టీ చూపిస్తే బిల్లులో పన్ను గడి చూసుకుని మాట్లాడు.

ఐఎస్ఐ ముద్ర లేని దిగుమతి టైరు చవగ్గా ఇస్తామని ఎవరైనా అంటే వద్దు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి, దొడ్డిదారిన వచ్చినదానికి వారంటీ ఎవరూ ఇవ్వరు. సైడ్‌వాల్ మీద 97వై ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని ఉందా చూడు. 97 అంటే ఒక్కో టైరు 730 కేజీలు మోస్తుంది, వై అంటే 300 కిలోమీటర్ల వేగం దాకా. ఆ వేగం మనకి అక్కర్లేదు, ఆ వేడిని తట్టుకునే కట్టుబడి మాత్రం మన ఎండల్లో కావాలి.

లక్ష్మీపురం_ఫోర్జ్‌డ్
నైట్రోజన్ కొట్టించు బ్రదర్, ఎండాకాలం గాలి పెరగదు.

మంగళగిరి_మెకానికల్
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. రెండూ వేడికి ఒకేలా వ్యాకోచిస్తాయి, సుమారు 5, 6 డిగ్రీలకి ఒక పీఎస్ఐ. పొడిగా ఉంటుందన్నది ఒక్కటే లాభం. ఉచితంగా కొడితే కొట్టించుకోండి. ముఖ్యమైంది ఏమిటంటే గాలి పొద్దున్నే బండి కదలకముందు చూడాలి. మధ్యాహ్నం వేడిలో ఎక్కువ చూపించిందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది, సైడ్‌వాల్ నలిగి వేడెక్కుతుంది. ఎండాకాలం హైవే మీద టైర్లు పేలడానికి ఎక్కువగా గాలి తక్కువ ఉండటమే కారణం.

ఎన్‌హెచ్16_రాత్రిబండి
ఇన్సూరెన్స్‌వాళ్ళు రిమ్ములు మార్చావని పేచీ పెట్టరా?

అమరావతి_ఆపెక్స్
కంపెనీ చెప్పిన సైజు దాటకపోతే వాదించడానికి నీకు బలం ఉంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది కూడా తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదనే. 18కి 18 వేస్తే ఆ గొడవే లేదు. రిమ్ముల బిల్లు పెట్టి, యాక్సెసరీలుగా పాలసీలో రాయించుకో. 19 వద్దనడానికి నాకు ఇది ఇంకో కారణం.

ఇక ట్రాక్. మద్రాస్ ట్రాక్ చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు, టైర్లకంటే ముందు బ్రేకులు చేతులెత్తేస్తాయి. వెళ్ళే ముందు బ్రేకు ఫ్లూయిడ్ కొత్తది పోయించు. కొత్త టైర్లతో నేరుగా ట్రాక్ ఎక్కకు, అచ్చు నుంచి ఊడదీసేటప్పుడు పూసిన జిడ్డు పోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు మామూలుగా తిరగనివ్వు. ట్రాక్ మీద వేడెక్కాక గాలి కొలిచి తగ్గించుకో, ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ నింపుకో. ఆ నింపడం చాలామంది మర్చిపోతారు. అదే టైర్లతో చెన్నై నుంచి గుంటూరు దాకా రావాలి.

బ్రాడీపేట_టీటీ
తేలిపోయింది. 18లోనే ఉంటున్నాను. టైర్లు పైలట్ స్పోర్ట్ 5 ఆర్డరు పెట్టాను, తయారీ తేదీ ఫొటో పంపాకే డబ్బు కట్టాను. అవి ఇప్పుడే ఒరిజినల్ రిమ్ముల మీద ఎక్కిస్తున్నారు. ఫ్లో ఫార్మ్‌డ్ వీఐఏ ముద్ర ఉన్న సెట్టు వచ్చే నెల వస్తుంది. ఒరిజినల్ రిమ్ములు అమ్మను, దాచుకుంటాను.

కృష్ణలంక_కర్వ్
నా 19లో ఒకసారి కూర్చుని చూడకుండానే తేల్చేశావు. ఆదివారం ఉండవల్లి దగ్గర కలుద్దాం, రెండు బళ్ళూ మార్చుకుని నడుపుదాం.

బ్రాడీపేట_టీటీ
తప్పకుండా అన్నా. ఐదున్నరకి.

లక్ష్మీపురం_ఫోర్జ్‌డ్
నేనూ వస్తాను, ఫోర్జ్‌డ్ ఎలా ఉంటుందో చూద్దురుగాని.

బ్రాడీపేట_టీటీ
టైర్లు ఎక్కి వారమైంది. నిన్న సాయంత్రం వాన దంచి కొట్టింది, మళ్ళీ అదే దారి, కాజ దాటాక రోడ్డు ఖాళీగా ఉన్న చోట కావాలనే గట్టిగా బ్రేకు కొట్టి చూశాను. ఏబీఎస్ చివర్లో ఒకట్రెండు సార్లు మాత్రమే కొట్టుకుంది, బండి గీత గీసినట్టు ఆగింది. అదే కారు, అవే బ్రేకులు. మా ఆవిడ పక్కనే ఉంది, "ఇన్నాళ్ళూ ఇది లేకుండానా మమ్మల్ని తిప్పావు" అంది. చప్పుడు కూడా సగానికి తగ్గింది. ఇవాళ రిమ్ములవాళ్ళు ఫోన్ చేశారు, కొత్త సెట్టు ముందే వచ్చిందట. పాత బోల్టులే వాడొచ్చా?

ఆటోనగర్_బాబాయ్
ఆగు. బిగించనివ్వకు. ఆడీ ఒరిజినల్ బోల్టు తల కింద గుండ్రంగా, బంతి ఆకారంలో ఉంటుంది. బయటి రిమ్ములకి చాలావరకు బోల్టు కూర్చునే గూడు 60 డిగ్రీల శంఖాకారంలో ఉంటుంది. గుండ్రటి బోల్టు ఆ గూట్లో సన్నటి అంచు మీదే ఆనుతుంది, బిగిసినట్టే ఉండి వదులవుతుంది. రిమ్ము గూడు చూసి దానికి తగ్గ బోల్టులు అడుగు. మర (థ్రెడ్) 14×1.5. పొడవు కూడా కొలిపించు, పాత రిమ్ముతో లోపలికి ఎన్ని చుట్లు తిరిగేదో కొత్తదాంట్లోనూ అన్ని తిరగాలి.

మంగళగిరి_మెకానికల్
ఎయిర్ గన్‌తో బిగించనివ్వొద్దు. చేత్తో తిప్పి కూర్చోబెట్టి, నక్షత్రం వరసలో టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లు తిరిగాక రిమ్ములు చల్లారనిచ్చి మళ్ళీ ఒకసారి చూడు. రెంచ్ లేకపోతే నా దగ్గర ఉంది, మంగళగిరిలో ఆగు.

బ్రాడీపేట_టీటీ
షాపులోనే ఉన్నాను. గూడు శంఖాకారమే. వాళ్ళ దగ్గర సరైన బోల్టులు రేపు వస్తాయట. పాత రిమ్ములతోనే వెనక్కి వస్తున్నాను. రెంచ్ కోసం రేపు సాయంత్రం మంగళగిరి వస్తాను అన్నా.